అరవై ఒకటో మేకు

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు కంకర క్వారీలో తూర్పు గోడ జారింది. గోడ కింద డ్రిల్లు పట్టుకుని ఒక మనిషి ఉన్నాడు. ముగ్గురు చూశారు. అతను బతికి ఉంటాడని ఆ ముగ్గురిలో ఎవరూ అనలేదు.

అతన్ని అందరూ గడియారం అనేవారు. పదకొండేళ్ళలో ఒక్కరోజు కూడా పొద్దుటి సైరన్ తరవాత గేటు దాటలేదు, అందుకని. భార్య అదే క్వారీలో క్రషర్ దగ్గర జల్లెడ పట్టేది. క్రషర్ మోతలో ఆమెకు గోడ చప్పుడు వినబడలేదు. ఎవరో వచ్చి భుజం తట్టేదాకా జల్లెడ పడుతూనే ఉంది.

గేటు దగ్గర చెక్క బోర్డు ఉంది. దానికి నూట నలభై మేకులు, మేకుకో ఇత్తడి బిళ్ళ, బిళ్ళకో నంబరు. లోపలికి వెళ్ళేవాళ్ళు తమ బిళ్ళ తీసి జేబులో వేసుకుంటారు, దిగి వచ్చేటప్పుడు తగిలిస్తారు. మేకు ఖాళీగా ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. మంగళవారం సాయంత్రం ఆరింటికి అరవై ఒకటో మేకు ఖాళీగా ఉంది. బుధవారం ఉదయం ఆరింటికి దానికి బిళ్ళ ఉంది. మిగతావి అరిగి నల్లబడ్డాయి. అది మెరుస్తోంది.

మేనేజరు చెప్పింది ఇది: గడియారం మంగళవారం పనికి రాలేదు. ఎటో వెళ్ళిపోయాడు. రాళ్ళ కింద ఎవరూ లేరు. సోమవారం ఉదయం ఏడు గంటలకు తూర్పు వైపు బ్లాస్టింగ్ ఉంటుంది.

బ్లాస్టింగ్ జరిగితే జారిన రాయి మీద కొండ మిగతా సగం పడుతుంది. ఆ తరవాత కింద ఉన్నదాన్ని ఎవరూ తీయలేరు. ఇది క్వారీలో అందరికీ తెలుసు.

భార్య మేనేజరు గదికి వెళ్ళింది. ఇంట్లో ఏదో గొడవ పడి ఉంటారని, కోపం తగ్గాక వాడే వస్తాడని మేనేజరు ఆమెతో చెప్పాడు. ఆమె తిరిగి జల్లెడ దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. సాయంత్రం ఇద్దరికి వండింది.

గురువారం పని దిగాక క్రషర్ షెడ్డులో నలభై మంది కూడారు. కమ్యూనిటీ హాల్లో సంతాప సభ పెట్టి, శవాన్ని తీయాలని అక్కడ అడుగుదామన్నారు. హాలు కంపెనీది. మైదానమూ కంపెనీదే. ఇద్దరు వెళ్ళి అనుమతి అడిగారు.

"సంతాపం ఎవరికిరా? చచ్చాడని ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు మేనేజరు.

ఇద్దరూ తిరిగి వచ్చి ఆ మాటే చెప్పారు. సంగతి విని పట్నం నుంచి వచ్చిన కాలేజీ విద్యార్థులు పై అధికారికి అర్జీ రాద్దామన్నారు. అర్జీకి జవాబు రావడానికి పదిహేను రోజులు పడుతుంది. బ్లాస్టింగ్‌కు నాలుగు రోజులే ఉన్నాయి.

రాయికి మందు కూరేది బ్లాస్టర్. ముసలివాడు. అందరూ అతని వైపు చూశారు.

"నన్నెందుకు చూస్తారు? నేను పెట్టనంటే పెట్టేవాణ్ణి తెచ్చుకుంటారు. నేనొక్కణ్ణి మానేస్తే ఆగిపోతుందా?"

"నువ్వొక్కడివే ఎందుకు మానాలి బాబాయ్?" అంది గడియారం భార్య. ఆ వారంలో ఆమె నలుగురిలో మాట్లాడటం అదే మొదటిసారి.

ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. షెడ్డు ఖాళీ అయింది.

ఆ చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళకు ప్రతి శుక్రవారం కంపెనీ పేరున ఒక కాగితం వెళ్తుంది. పైన 'రాబోయే కార్యక్రమాలు' అని ఉంటుంది. కంటి పరీక్షల శిబిరం, పాల సంఘం సమావేశం, కుట్టు తరగతులు, పాత విద్యార్థుల కలయిక, అన్నీ అందులో వేస్తారు. మేనేజరు సీలు వేశాక బస్టాపులోనూ బడి గేటుకూ పాల కేంద్రం గోడకూ అంటిస్తారు. కాగితంలో లేని కార్యక్రమానికి ఇరవై మంది కంటే ఎక్కువ చేరితే పోలీసులు వస్తారు.

దాన్ని అచ్చు వేసేది ఒకే గది ఉన్న ప్రెస్సు. నడిపేది ఒకామె, అందరికీ పిన్ని. ఆమె ఏ వారానికి ఆ వారం కొత్తగా కూర్చదు. నిరుడు అదే వారం వేసినది తీసి తేదీలు మారుస్తుంది. పద్నాలుగేళ్ళుగా అదే పద్ధతి.

శుక్రవారం సాయంత్రం పిన్ని గడియారం ఇంటికి వచ్చింది. చేతులకు ఇంకా సిరా ఉంది.

"తల్లీ, పొరపాటైపోయింది. తేదీలు మార్చాను గానీ నిరుటి పేరు చూసుకోలేదు. పొద్దున్నే వెళ్ళి అన్నిచోట్లా పైన తెల్లకాగితం అంటిస్తాను."

చదవమని గడియారం భార్య అడిగింది. పిన్ని చదివింది. "ఆదివారం ఉదయం పది గంటలకు క్వారీ మైదానంలో తాడు లాగే పోటీ. డ్రిల్లు జట్టు, క్రషర్ జట్టు. అందరూ రావాలి. నిర్వాహకుడు గడియారం."

"సీలు పడిందా?"

"పడింది. ఆయన చదివితేగా."

గడియారం భార్య చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"అయితే ఉండనీ పిన్నీ."

శనివారం ఈ సంగతి జల్లెడ దగ్గర మొదలై డ్రిల్లులదాకా వెళ్ళింది. ఎవరూ మీటింగు పెట్టలేదు.

ఆదివారం పది గంటలకు మైదానంలో మూడు వందల మంది ఉన్నారు. మామూలుగా పోటీకి అరవై మంది వస్తారు. హాల్లోంచి తాడు తెచ్చారు. నలుగురు కానిస్టేబుళ్ళతో ఎస్సై వచ్చాడు. మైదానం పక్క పాల కేంద్రం గోడ మీది కాగితం చదివి, అనుమతి ఉందన్నాడు. అప్పుడు మేనేజరు జీపు దిగాడు.

"ఎవడీ పోటీ పెట్టింది?"

"మీ సీలు కింద పేరు ఉంది కదండీ," అన్నాడు బ్లాస్టర్.

మేనేజరు కాగితం దగ్గరికి వెళ్ళాడు. చదివాడు. తిరిగి వచ్చేసరికి గడియారం భార్య ముందుకు వచ్చి ఉంది.

"నిర్వాహకుడు లోపల ఉన్నాడు సార్. ఆయన రాందే ఆట మొదలుకాదు. తీసుకొస్తాం."

క్వారీ పనివాళ్ళు గేటు వైపు నడిచారు. ఒక్కొక్కరూ తమ బిళ్ళ తీసి జేబులో వేసుకుని లోపలికి వెళ్ళారు. బిళ్ళలు లేనివాళ్ళు, అంటే ఇళ్ళవాళ్ళూ విద్యార్థులూ పిన్నీ, గేటు మూయడానికి వీల్లేకుండా అడ్డంగా కూర్చున్నారు. మేనేజరు వాళ్ళను లేపమన్నాడు. ఎస్సై తన నలుగురినీ చూసి, వ్యాన్ల కోసం ఫోను చేశాడు.

ఏ రాయి ముందు కదిలించాలో బ్లాస్టర్ చూపించాడు. రాయికి తాడు చుట్టారు. ఏటా రెండు జట్లూ తాడుకు చెరోవైపు ఉండేవి. ఆ రోజు అందరూ ఒకవైపే పట్టుకున్నారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. బ్లాస్టర్ చెయ్యి ఎత్తినప్పుడు లాగారు, దించినప్పుడు ఆగారు. క్రషర్ ఆగి ఉంది గనక తాడు బిగిసే చప్పుడు వినబడింది. ఒంటిగంటకు మూడు వ్యాన్లు వచ్చాయి. గేటు దగ్గర లాఠీలు లేచాయి. పిన్ని చెయ్యి విరిగింది. గేటు మాత్రం మూతపడలేదు.

నాలుగు గంటలకు పది నిమిషాల ముందు, ముప్ఫై ఒకటో రాయి కింద గడియారం దొరికాడు. చొక్కా జేబులో బిళ్ళ ఉంది. నల్లగా అరిగి ఉంది. భార్య దాన్ని కొంగుతో తుడిచి, నంబరు పైకి చదివింది. అరవై ఒకటి. అప్పటికి లోపలికి వచ్చిన ఎస్సై రాసుకున్నాడు.

డ్రిల్లు జట్టువాళ్ళు అతన్ని మోసుకుని గేటు దగ్గరికి వచ్చారు. వాళ్ళ వెనక వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ఆగి బిళ్ళలు తగిలించారు. భార్య అరవై ఒకటో మేకు దగ్గర ఆగింది.

"దానికి బిళ్ళ ఉందమ్మా," అన్నాడు గేటు కాపలావాడు.

"ఆయన ఇప్పుడే డ్యూటీ దిగాడు," అంది. మెరిసే బిళ్ళ మీద నల్ల బిళ్ళ తగిలించింది.

బ్లాస్టర్‌నూ ఆమెనూ మరో తొమ్మిది మందినీ వ్యాను ఎక్కించారు. మైదానంలో జరగాల్సిన పోటీని క్వారీలో జరిపారని కేసు రాశారు.

సోమవారం ఉదయం ఆరు గంటలకు సైరన్ మోగింది. గేటు బయట మిగతా పనివాళ్ళందరూ నిలబడి ఉన్నారు. ఏడు గంటలకు పేలుడు వినబడలేదు. బోర్డు మీద నూట నలభై ఒక్క బిళ్ళలు ఉన్నాయి.