అత్తకు వద్దన్న కాపీ

పక్షవాతం వచ్చాక మా అత్త వాసవాంబకు మింగుడు పడడం పోయింది. ఏం తాగినా ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరు ముక్కులో గొట్టం వేసి ఇంటికి పంపాడు. గంజి, మందులు అన్నీ అందులోనే. చూసుకోవడానికి వచ్చిన నర్సు జెబ మొదటిరోజే మా అందరినీ నిలబెట్టి, నోటికి చుక్క నీళ్లు కూడా తగలకూడదని తమిళంలో గట్టిగా చెప్పింది.

నా భయం వేరే. నా కూతురు లయకు నాలుగేళ్లు. తొండియార్‌పేటలో మాది రెండు గదుల ఇల్లు. పాపకు ముక్కు కారడం ఆగదు. అత్తకు దగ్గు పట్టిందంటే పాపను గూడూరులో మా అమ్మ దగ్గర వదిలేస్తానని మా ఆయన శ్యామ్ ముందే చెప్పేశాడు. అందుకే దాన్ని అవ్వ మంచం దగ్గరికి పోనిచ్చేదాన్ని కాదు.

పొద్దున కాపీ వాసన రాగానే తనకూ కావాలని అత్త మొదలుపెట్టేది. మాటలు ముద్దగా వచ్చినా తిట్లు స్పష్టంగానే వచ్చేవి.

ఆదివారం ఆడపడుచు సింధూరి వచ్చింది. తల్లి ఏడుపు చూసి నా మీద పడింది.

“ఏంది వదినా, మీయమ్మనైతే ఇట్లానే ఎండబెడతావా?”

జెబ చర్చికి పోయింది. నేను పాపకు స్నానం పోసి వచ్చేసరికి మంచం పక్కన అత్త వెండి కాపీ గ్లాసు ఖాళీ. సింధూరి కొంగుతో తల్లి మూతి తుడుస్తోంది.

సాయంత్రానికి జ్వరం, గురగురమని ఊపిరి. జెబ కఫం లాగే మిషన్ పెడితే గొట్టంలో గోధుమరంగు నీళ్లు వచ్చాయి, కాపీ వాసనతో. సింధూరి గోడకేసి చూసింది. శ్యామ్ తల్లి మీదికి వంగాడు.

“ఎవరుమా పోసింది?”

అత్త కూతురిని చూసింది. తర్వాత బాగున్న చేయెత్తి, గుమ్మంలో ఆడుకుంటున్న లయను చూపించింది.

“ఆ పిల్ల.”

పాప అప్పుడు నా దగ్గర స్నానం చేస్తోంది, అత్త మూతి తుడిచింది సింధూరేనన్నాను. చావబోయే మనిషికి అబద్ధమెందుకంది సింధూరి. జెబ నోరు తెరిస్తే, నీ పని చూసుకోమన్నాడు శ్యామ్. ఆ రాత్రే అత్తను ఆసుపత్రిలో చేర్చాం. మర్నాడు లయ స్కూలు బ్యాగు తగిలించుకుని, ఊరికి పోతున్నామని నవ్వుతూ వాళ్ల నాన్న వెంట బస్సెక్కింది.

అత్త చావలేదు. ఆసుపత్రి నుంచి మళ్లీ గొట్టంతోనే ఇంటికొచ్చింది.

ఇప్పుడు రోజూ ఆమె మంచం పక్కనే పీట వేసుకుంటాను. నురగ వచ్చేదాకా కాపీ తిరగబోస్తాను. ఆమె కళ్లు గ్లాసు వెంటే తిరుగుతాయి.

“కొంచెం... అమ్మా,” అంటుంది. పెళ్లయినప్పటి నుంచి నన్ను అమ్మా అన్నది ఇప్పుడే.

“జెబ వద్దనింది గదత్తా,” అంటాను.

నిదానంగా, ఆఖరి గుక్కదాకా తాగుతాను.