మూడో బొంత

వాసన ముందొచ్చింది.

కారు ఇంకా మట్టిరోడ్డు మీదే ఉంది. పొద కనబడనే లేదు. అయినా వచ్చింది... లైలాక్ పూల వాసన. తీపిగా, పిలవని చుట్టంలా.

తోర్డిస్ కారు అద్దం ఎక్కించుకుంది.

అయినా వచ్చింది.

ఏటా మే నెలాఖరు అంతే. ఊరంతా సమాధుల మీద పూలు పెట్టే రోజులు. బ్రెక్కే వంశం వాళ్ళంతా ఈ పొద దగ్గరికి చేరే రోజులు. నార్వే నుంచి వచ్చి, ఈ డకోటా నేల మీద గడ్డిపెళ్ళలు పేర్చి ఇల్లు కట్టుకున్న హల్వోర్, మరిత్ దంపతుల సంతానం. ఆ ఇల్లు ఎప్పుడో కరిగి నేలలో కలిసిపోయింది. వాకిట్లో మరిత్ నాటిన లైలాక్ పొద మిగిలింది. చుట్టూ గోధుమ చేను. పైన గాలి.

గాలికి మాత్రం అలసట లేదు.

ఆమెకుంది.

డిక్కీలోంచి బొంత దించడానికే ఆయాసం వచ్చింది. మోసేవాడికే తెలుసు కావడి బరువు. హల్వోర్‌కి ఆరుగురు పిల్లలు. ఆరుగురివీ వంశంలో ఆరు కొమ్మలు. కొమ్మకో బొంత. పుట్టిన వరసలో పొద చుట్టూ పరవాలి. ఎవరి బొంత మీద వాళ్ళే కూర్చోవాలి. పక్క బొంత మీద కాలు పెడితే పసిపిల్లనైనా లేపేస్తారు. బ్రెక్కే వాళ్ళు ఏ పాపాన్నైనా దేవుడికి వదిలేస్తారు గానీ బొంత తప్పిన పాపాన్ని మాత్రం వదలరు.

మూడోది ఆండర్స్ బొంత. తోర్డిస్ తాతది. ఒకప్పుడు దాని మీద మోకాళ్ళు మోకాళ్ళు రాసుకునేవి. పిల్లలు అంచు దాటి గడ్డిలో దొర్లేవారు.

మొన్న చలికాలంలో తమ్ముడు ఐనార్ పోయాడు. పిల్లల్లేని ఐనార్. పిల్లల్లేని తోర్డిస్.

ఇప్పుడు అంత బొంతకీ ఆమె ఒక్కతే.

మధ్యలో కూర్చుంది. మరీ ఒంటరిగా కనబడుతున్నానేమోనని అంచుకి జరిగింది. అంచున కూర్చుంటే ఎవరికోసమో చోటు పట్టినట్టుంది. మళ్ళీ మధ్యకి జరిగింది.

"తోర్డిసక్కా!" పెద్ద కొమ్మ ఆర్లెన్. టోపీ మీద లైలాక్ బొమ్మ కుట్టించుకున్నాడు. ఈ సంబరానికి పెత్తనమంతా అతనిదే. "మావాళ్ళు గంపలో కోడిపిల్లల్లా ఇరుక్కుని చస్తుంటే, నువ్వేంటి ఎకరం ఆక్రమించేశావ్?"

"అద్దెకిస్తాలే, బేరమాడకుండా రా."

చుట్టూ నవ్వారు. అతను ఒంగి గొంతు తగ్గించాడు.

"జిల్లా మ్యూజియం వాళ్ళు అడుగుతున్నారక్కా. నీ బొంతని అద్దాల పెట్టెలో పెడతారంట. వచ్చే ఏడు నుంచి మాతో కూర్చో. మోసుకొచ్చే బాధ తప్పుద్ది. ఆలోచించి సాయంత్రం చెప్పు."

మంచి మాటే. మనసులో మచ్చ లేని మాట. ఆమె మోకాళ్ళు అప్పుడే సరేనన్నాయి.

కానీ... బొంత ఒక్కటే కాదు.

కొమ్మకో కథ ఉంది. భోజనాలయ్యాక వరసగా చెప్పుకుంటారు. ఎవరి కథ వాళ్ళ బొంత మీదే చెప్పాలి, ఇంకొకరు ఎత్తుకోకూడదు. మంచు తుఫానులో తాడు పట్టుకుని పశువుల పాక చేరిన కథ మొదటి బొంతది. మిడతల దండు పంటతో పాటు పార కర్రని కూడా కొరికిన కథ రెండోది. చెప్పిందే చెప్తారు. నవ్విన చోటే నవ్వుతారు.

మూడో బొంత వంతు వచ్చేసరికి అందరికీ కాఫీ గుర్తొస్తుంది.

ఈ ఏడూ గుర్తొచ్చింది. ఒళ్ళు విరుచుకుంటూ లేచారు. పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన తీపి రొట్టె పళ్ళేల చుట్టూ మూగారు. నాన్న ఈ వీపులకే చెప్పాడు. ఐనార్ ఈ వీపులకే చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఈ కొమ్మకి వారసత్వం.

"ఈ ఏడు వద్దులే," అంది తోర్డిస్. "నాలుగో వాళ్ళు కానివ్వండి."

ఎందుకని ఎవరూ అడగలేదు.

అడుగుతారేమోనని కాసేపు చూసింది. ఎవరూ అడగలేదు.

ఎండ వాలింది. బొంతలు మడిచే వేళ. పెద్ద బొంత మడవాలంటే ఇద్దరు కావాలి. అది ఐనార్ పని.

ఆర్లెన్ వచ్చాడు. రెండు కొసలు అతని చేతిలో. రెండు కొసలు ఆమె చేతిలో. మధ్యలో బొంత, దాని కింద గాలి.

"మరి మ్యూజియం వాళ్ళకి సరేనని చెప్పనా?"

ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. అతను అడుగు వేశాడు. ఆమె వేయలేదు. వెనక్కి లాగింది. బొంత బిగిసింది.

బొంత పట్టుకున్నవాడు కాఫీకి వెళ్ళలేడు.

అప్పుడు చెప్పింది.

హల్వోర్ వాళ్ళు ఇక్కడికొచ్చాక మొదటి వసంతం. ఐదేళ్ళ ఆండర్స్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఈ నేల మూలవాసులైన డకోటా తెగ మనిషి ఒకావిడ వచ్చింది. చేతిలో దుంపలు తవ్వే కర్ర, వీపున పసిబిడ్డ. వాళ్ళని ఇక్కణ్ణించి తరిమేసి ఎన్నాళ్ళో కాలేదు. నేలకి పేరు మాత్రం వాళ్ళదే ఉంచారు. ఏటా తను తవ్వుకునే చోటికే వచ్చింది. అక్కడ దున్నిన చేనుంది. ఇల్లుంది. పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. ఆవిడ వాకిట్లో నిలబడింది.

మరిత్ తలుపు వేసి గడియ పెట్టింది.

ఆవిడ కదల్లేదు. చీకటి పడేదాకా నిలబడింది. బిడ్డ ఏడ్చింది. తర్వాత ఏడుపు ఆగింది. తెల్లారి చూస్తే ఎవరూ లేరు.

మరుసటి ఏడు మరిత్ లైలాక్ నాటింది. సరిగ్గా ఆవిడ నిలబడ్డ చోట.

సిగ్గుతో నాటిందో... ఆ చోటు కిటికీలోంచి కనబడకూడదని నాటిందో. ఆండర్స్‌కి తెలియలేదు. నాన్నకి తెలియలేదు. తోర్డిస్‌కీ తెలియదు.

ఆర్లెన్ తల మీద లైలాక్ బొమ్మ టోపీ. తీసేద్దామన్నా చేతులు ఖాళీ లేవు.

"ఇదా మీ కథ?" అన్నాడు.

"ఎన్నేళ్ళుగా చెప్తున్నాం రా!"

"నేనెప్పుడూ పూర్తిగా వినలేదక్కా."

"అద్దాల పెట్టె మీద ఇది రాస్తారా?"

ఆర్లెన్ తన చేతిలోని కొసల్ని చూసుకున్నాడు.

"పోనీ, నా తర్వాత నువ్వు చెప్తావా? మీ బొంత మీద కూర్చుని?"

"ఒకరి కథ ఇంకొకరు..." అనబోయి ఆగిపోయాడు.

ఆమె కొసల్ని ఇంకా బిగించి పట్టుకుంది. వదిలేస్తే హాయి. వదిలేస్తే బొంత నేల మీద పడుతుంది, అంతే కదా.

వదల్లేదు. అతనూ వదల్లేదు. ఎవరూ అడుగు ముందుకు వేయలేదు.

గాలి వీచింది. బొంత ఉబ్బి దిగింది. ఊదాపూలు నాలుగు రాలి దాని మధ్యలో పడ్డాయి.

వాసన వచ్చింది.

ఈసారి ఆర్లెన్ కూడా మొహం తిప్పుకున్నాడు.

అయినా వచ్చింది.