జకార్డుకెక్కని అట్టలు

నగరిలో మగ్గం ఆపుకుని మునస్వామి చేనేత శాఖ ఆఫీసు మెట్లెక్కడం అది నాలుగోసారి. భార్య మునెమ్మ కంటికి ఆపరేషన్ చేయాలి. నేత కార్మికుల ఆరోగ్య కార్డుల జాబితాలో పేరుంటేనే ఆసుపత్రిలో చేర్చుకుంటారు. దరఖాస్తు ఇచ్చి రెండు నెలలయింది.

"మళ్ళీ వచ్చినావా? లేదప్పా నీ పెండ్లాం పేరు. కంప్యూటర్ అబద్ధం సెప్తాదా?" అన్నాడు ఆపరేటర్ గిరిప్రసాద్.

"ఈ ఏటి జాబితానే తీసినారా సార్?"

"సూడు, నీ కండ్ల ముందరే తీస్తా." బటన్ నొక్కి, ఈ ఏటిదైన 2006 జాబితా ఫైలు ఎంచుకున్నాడు. దాని పేరు తెర మీది గడిలో పడింది. ప్రింటరు కాగితాలు కక్కింది.

మునస్వామి ఐదో తరగతిలోనే బడి మానినవాడు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. మునెమ్మ లేదు. తోటి నేతగాడు ఓబయ్య ఉన్నాడు.

"ఓబయ్య పాడె పోయినేడు నేనే మోసినాను సార్! సచ్చినోనికి కార్డుండాది, బతికినదానికి లేదా?"

"ఆయప్ప పైనుంచి అప్లికేషన్ పంపినాడేమో!"

ఆఫీసంతా నవ్వింది. మునస్వామికి ఒళ్ళు మండింది.

"నవ్వండి సార్. కొత్త డిజైన్‌కు బొక్కలు కొట్టిన అట్టలు తెచ్చి మగ్గం పక్కన పెట్టి, మగ్గం మీదుండే జకార్డు పెట్టెకెక్కించకపోతే చీర మీద పాత పువ్వే పడతాది. మీ తెర మీద కొత్త ఫైలు పేరుండాది, సరే. లోపల పని చేసేదానికి అది అందిందా?"

కొత్తగా చేరిన ప్రోగ్రామర్ లోకేశ్వరి ఒక్కతే నవ్వలేదు. జాబితాలు తీసే ప్రోగ్రామును తెరిచి చూసి తలపట్టుకుంది. ఎంచుకున్న ఫైలు పేరును తెర మీద చూపించి అక్కడే వదిలేశారు. జాబితా తీసే ఫంక్షనుకు, అంటే ప్రోగ్రాములో ఆ పని చేసే భాగానికి, అందించనే లేదు. ఆ ఫంక్షనులో పోయినేటి ఫైలు పేరే రాసిపెట్టి ఉంది. ఎవరు ఏది ఎంచుకున్నా అది పాతదాన్నే తెరుస్తోంది.

ఆమె ఆ పాత పేరు తీసేసి, ఎంచుకున్న ఫైలునే ఫంక్షనుకు అందేలా మార్చింది. ఈసారి కాగితంలో ఓబయ్య లేడు. మునెమ్మ ఉంది.

చదువుకున్నవారు ఒక్క మాట గమనించాలి. యంత్రం తనంతట తాను అబద్ధమాడదు. తెరిచి చూడడానికి బద్ధకించే మనిషి దానిచేత ఆడిస్తాడు.

"ఒక్క లైను తప్పు. దానికింత రచ్చ ఎందుకప్పా?" గొణిగాడు గిరిప్రసాద్.

"ఒక్క లైనా? మొదటిసారి నేనీడికి వచ్చినప్పుడు మునెమ్మకు నా మొగం కనపడతా ఉండె. నిన్న గొంతు విని గుర్తుపట్టింది." మునస్వామి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా అర్జీ తీసుకుంటారు, మా ముందరే ముద్ర కొడతారు. పని జరిగే చోటికి మాత్రం పంపరు. తీసుకున్నట్టు చూపిస్తే సరిపోదు సార్. అందాల్సిన చోటికి అందించండి!"