పేరు పెట్టి పిలిచే చోటు

గిన్నెలు తోముతుంటే మా ఆయన వసారాలోంచి కేకేశారు. "ఏమేవ్! మీ బ్యాంకు మూసేస్తున్నారట. ఇకనైనా ఇంటిపట్టున పడి ఉండు."

చేతిలో గిన్నె జారి సొట్టపడింది. దానికీ ఒక తిట్టు తిన్నాననుకోండి.

అది పెద్ద బ్యాంకేమీ కాదు. మా పేట చివర, సైకిళ్ల షాపు పక్కన ఒక గది, ఒక బెంచీ, కిరకిరలాడే ఫ్యాను. పేటవాళ్లందరం తలా కాస్త వేసి నిలబెట్టుకున్నది. పెద్ద బ్యాంకుల్లో మా పేట పేరు చెబితే చాలు, పెదవి విరిచేవారు. ఇక్కడ ఇస్త్రీ చేసే ఆమె అప్పుకి వస్తే ఆస్తి కాగితాలు అడగలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లం వెళ్లి, మాట మీద నిలబడే మనిషని చెప్పాం. నెల తిరక్కుండా ఆమెకి సొంత బండి వచ్చింది.

కుట్టుపని చిల్లర దాచుకుందామని నేను మొదటిసారి వెళ్లినప్పుడు, కౌంటర్లో అమ్మాయి నా పేరు రాసుకుని కూర్చోమంది. కాసేపటికి ఎవర్నో పిలిచింది. మళ్లీ పిలిచింది. ఎవరీ మనిషి, లేవదేం అని నేనూ చుట్టూ చూశాను. ఇస్త్రీ ఆమె నా మోచెయ్యి పొడిచి, "నిన్నే పిన్నీ!" అంది. పుట్టింట్లో వదిలేసి వచ్చిన పేరు కదా, చెవికి కొత్తయిపోయింది. అత్తగారికి నేను "ఒసేయ్", పిల్లలకి "అమ్మా", ఆయనకి "ఏమేవ్". నా పాస్‌బుక్కు చూసి ఆయన, "ఎవరే ఈవిడ? మనింట్లో అద్దెకుంటోందా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే మూతి ముడుచుకున్నానని అదింకో గొడవ.

ఆఖరి రోజు, దాచుకున్నది తీసుకుందామని వెళితే బెంచీ మీద చోటు లేదు. మా బ్యాంకుని ఏదో పెద్ద బ్యాంకు కలిపేసుకుందట.

"ఇక అంతా ఫోన్లోనే పిన్నిగారూ," అంది కౌంటర్ అమ్మాయి, నా వంక చూడకుండా.

"మా ఇంట్లో ఫోను ఆయన జేబులో ఉంటుంది కదే తల్లీ."

నా పాస్‌బుక్కు అందుకుని, "కూర్చోండి, పిలుస్తాను," అంది. బెంచీ మీద ఇస్త్రీ ఆమె కాస్త జరిగి నాకు చోటిచ్చింది.

నా వంతు వచ్చింది. పిలిచింది. నా పేరే, మొత్తం, ఒక్క అక్షరం మింగకుండా. ఇస్త్రీ ఆమె మళ్లీ నా మోచెయ్యి పొడిచింది. "నిన్నే పిన్నీ! వినబళ్లేదా?"

వినబడింది. అందుకే లేవలేదు. ఇంకోసారి పిలుస్తుందని.