కేథరిన్ బండికి ఆయిల్ కూలర్

మా ఆయన సుందర్ రాజ్ ముప్పై రెండేళ్ళు స్టీలు ప్లాంటులో నీళ్ళు చల్లబరిచాడు. కొలిమి చుట్టూ తిరిగొచ్చిన వేడినీళ్ళని చల్లార్చి మళ్ళీ పంపించే విభాగం ఆయనది. ఇంట్లో కూడా అదే పని. నేనిచ్చిన కాఫీ పూర్తిగా చల్లారితే గానీ పేపరు కిందకి దించడు.

రిటైరై రెండేళ్ళయింది. అప్పట్నించీ ఇంట్లో వస్తువులకి భద్రత లేదు. ఆయన బాగుచేసిన ఫ్యాను ఒకే స్పీడులో తిరుగుతుంది. ఆయన బిగించిన కుళాయి తిప్పాలంటే పక్కింటివాళ్ళని పిలవాలి. నేను ఊరుకునే రకం కాదు, పూటకోసారి గుర్తు చేస్తాను. ఆయన మాత్రం పల్లెత్తు మాట అనడు. పెళ్ళయిన దగ్గర్నించీ అంతే, నేను అనడం, ఆయన వినడం.

మా అమ్మాయి కేథరిన్ మద్దిలపాలెంలో సెల్‌ఫోన్ల షాపులో అయిదేళ్ళు పనిచేసింది. పొద్దస్తమానం నిలబడి కాళ్ళు పీకేస్తున్నాయని పోయినేడాది మానేసి, సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఏటీవీ కొంది. అదే, లావు చక్రాల బీచ్ బండి. రుషికొండ దగ్గర ఇసకలో జనాన్ని వెనక ఎక్కించుకుని ఒక రౌండు తిప్పి దింపుతుంది. బండి మంచిదే. కానీ ఇసకలో మెల్లగా, బరువు లాగుతూ పోవాలి కదా, ఎనిమిది రౌండ్లకే ఇంజను వేడెక్కి నీరసించిపోయేది. అరగంట నీడలో పెడితే గానీ మళ్ళీ లేచేది కాదు. ఈలోగా వచ్చినవాళ్ళు పక్క బండి ఎక్కేసేవారు.

అలాంటి సమయంలో అక్కడి రిసార్టు మేనేజరు సాయిశంకర్ ఒక మాట చెప్పాడట. శనివారం ఒక స్కూలు నుంచి అరవై మంది పిల్లలు పిక్నిక్‌కి వస్తున్నారు, తలా ఒక రౌండు తిప్పాలి, మధ్యలో ఆగకూడదు. సరిగ్గా జరిగితే రిసార్టు లోపలే బండికి చోటిస్తారు. బండి మొరాయిస్తే ఆ చోటు పక్క స్టాండు వాళ్ళకి పోతుంది. బయట ఇసకలో రోజుకో మూలకి తరిమేస్తుంటే విసిగిపోయిన పిల్ల, ఆ చోటు మీద ప్రాణాలన్నీ పెట్టేసుకుంది.

ఆ రాత్రి అన్నం దగ్గర ఆయన చాలా రోజులకి నోరు విప్పాడు. బండికి ఆయిల్ కూలర్ బిగిస్తానన్నాడు. కంపెనీ బండితో ఇవ్వలేదు గానీ విడిగా దొరుకుతుందట. ఇంజనులోని వేడి నూనె ఒక గొట్టంలోంచి బయటికొచ్చి, సన్న రేకుల మధ్య తిరిగి, గాలికి చల్లబడి, రెండో గొట్టంలోంచి వెనక్కి పోతుందట. ప్లాంటులో నీళ్ళకి చేసిందే ఇక్కడ నూనెకి చేయాలన్నాడు. నేను ఫ్యాను సంగతి గుర్తు చేశాను, మంచి మెకానిక్‌ని చూద్దామన్నాను. కేథరిన్ నన్ను వంటగదిలోకి లాగి, డాడీ చేయగలరా అని గుసగుసగా అడిగింది. దేవుడే దిక్కన్నాను.

గురువారం బండిని ట్రాలీ ఆటోలో కూర్మన్నపాలెం తెప్పించి మా ఫ్లాట్ల కింద నిలబెట్టారు. వెంటనే పని మొదలవుతుందనుకుంటే పొరపాటు. ముందు ఆయన ప్లాంటులో అలవాటు ప్రకారం, పని అయ్యేదాకా బండి నడపరాదని ఒక తెల్ల కాగితం మీద షట్‌డౌన్ పర్మిట్ రాసి కూతురి చేత సంతకం పెట్టించాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. హ్యాండిలుకి ఎర్ర చీటీ వేలాడదీశాడు: మనుషులు పనిలో ఉన్నారు, స్టార్ట్ చేయరాదు. మనుషులంటే ఆయనొక్కడే. రైతుబజారు నుంచి వస్తూ కూరల సంచీ కాస్త సీటు మీద పెట్టబోతే నాకు కూడా ఆ ఎర్ర చీటీయే చూపించాడు.

పాత ఆయిల్ దింపాడు. ఫిల్టరు దగ్గర గొట్టాలు తగిలించే ముక్క బిగించాడు. కూలర్‌ని బండి ముందు గార్డు వెనకాల, గాలి తిన్నగా తగిలే చోట నిలబెట్టాడు. గొట్టాలు సైలెన్సరుకి ఆనకుండా పక్కకి లాగి క్లిప్పులు వేశాడు. ఒక రాగి వాషరు నచ్చక మూడుసార్లు విప్పి బిగించాడు. కొత్త ఆయిల్ పోసి, ఇంజను కాసేపు తిప్పి, ఆపి, మళ్ళీ కొలిస్తే మట్టం తగ్గింది. కారిపోతోందా అని నేను కాస్త ఉత్సాహంగానే అడిగాను. గొట్టాలూ కూలరూ తమ వాటా తాగేశాయి, ఇప్పుడు వాటికీ కలిపి పోయాలి అని నింపాదిగా చెప్పి ఇంకొంచెం పోశాడు.

శుక్రవారం సాయంత్రం వెనక ఖాళీ స్థలంలో కేథరిన్ గంటసేపు ఆపకుండా తిప్పింది. ఆయన హ్యాండిలు దగ్గర బిగించిన వేడి మీటరు సగం కూడా దాటలేదు. పిల్ల మొహం వెలిగిపోయింది. నాకు సంతోషమే గానీ, చెప్పొద్దూ, ఎత్తిచూపడానికి ఏమీ దొరక్కపోయేసరికి చేతులు ఆడలేదు.

శనివారం తెల్లారకుండానే ఆయన మొదటి బస్సు పట్టుకుని రుషికొండ వెళ్ళిపోయాడు. బండి తిరిగే దారి ముందుగా తనిఖీ చేయాలట. బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి తెచ్చే పని మాకు వదిలేశాడు.

మాది నాలుగు తరాల చర్చి కుటుంబం. ఏది మొదలుపెట్టినా ప్రార్థన చేసి, బైబిలు వాక్యం రాసిన బోర్డు ఒకటి కట్టందే నేను గడప దాటనివ్వను. మా సంఘంలో ఇచ్చిన రేకు బోర్డు ఒకటుంది, అడుగున్నర పొడవు, నీలం మీద తెల్ల అక్షరాలు. ఎక్కడ కడదామా అని బండి చుట్టూ తిరిగితే ముందు గార్డు మీద చక్కటి చోటు కనబడింది. తీగతో నాలుగు మూలలా బిగించాను. కొలిచి చేయించినట్టు కుదిరింది. కింద ఫ్లాట్లో ఉండే ధనలక్ష్మి, వాళ్ళది రాజాం దగ్గర పల్లె, బంతిపూల మాల తెచ్చి దాని మీద వేసింది. చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. అరవై మంది పిల్లలతో పని, ఎవరి సాయమైనా వద్దనే రోజు కాదు.

మేం వెళ్ళేసరికి పిల్లలు అప్పటికే వరసలో గోల చేస్తున్నారు. బండి దించడం, కేథరిన్ మొదటి పిల్లని ఎక్కించుకోవడం, అన్నీ అయిదు నిమిషాల్లో అయిపోయాయి. దారి చుట్టూ తాడు కట్టి, నడిపేవాళ్ళు తప్ప ఎవరూ లోపలికి రాకూడదని రాసిపెట్టారు. ఆ అక్షరాలు కనబడితే చాలు, మా ఆయన కొండలా ఆగిపోతాడు. తాడుకి ఇవతల నిలబడి, కళ్ళు చికిలించి చూసి, నన్నడిగాడు.

"బండి ముందర ఏటైనా కట్టినారేటి?"

"ఏటీ నేదు. ధనలక్ష్మి పూలమాల ఏసింది."

"పూలైతే పర్లేదు. గాలి పోతాది."

నేను అబద్ధమాడలేదు. వాక్యాన్ని ‘ఏటైనా’ లెక్కలో వేయాలని నాకు తోచనే లేదు.

పొద్దుటి చల్లదనానికీ, పిల్లల తేలిక బరువుకీ ఇరవై రెండు రౌండ్లు బాగానే నడిచాయి. ఇరవై మూడో పిల్లాడిని ఎక్కించుకున్నాక బండి ముక్కడం మొదలుపెట్టింది. సగం దారిలో ఆగిపోయింది. కేథరిన్ మీటరు చూసి, తలెత్తి మా వైపు చూసింది. ఆ చూపు నేను చూడలేకపోయాను. సాయిశంకర్ గడియారం చూసుకున్నాడు, పక్క స్టాండు వాళ్ళకి ఫోను చేస్తానన్నాడు. నా నోట్లోకి అప్పుడే ఫ్యానూ కుళాయీ వచ్చేశాయి. అనేద్దామని తిరిగేలోగా, ఆయన జీవితంలో మొదటిసారి తాడు దాటి లోపలికి వెళ్ళిపోయాడు. నేనూ వెనకే పరిగెత్తాను.

"నా తప్పే తల్లీ. నాను సూత్తాను," అన్నాడు కూతురితో, ఇంకా బండి దగ్గరికి చేరకుండానే.

మోకాళ్ళ మీద కూర్చుని మాల పక్కకి జరిపాడు. కింద నా బోర్డు, దాని వెనక ఆయన కూలరు. ఎటు నుంచీ గాలి చొరబడే సందు లేదు, అంత బాగా కట్టాను. ఆయన తలతిప్పి నన్ను చూశాడు. నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఇన్నేళ్ళ బాకీ ఇవాళ వడ్డీతో సహా తీర్చుకుంటాడనుకున్నాను. తీర్చుకున్నా నేను నోరెత్తడానికి లేదు.

ఆయన తీగ విప్పాడు. బోర్డుకి అంటిన ఇసక చేతిరుమాలుతో తుడిచి నా చేతికిచ్చాడు. లేచి నిలబడి మేనేజరుతో, "గొట్టం ఒకటి ఒంగిపోయిందండి. నాను సరిగ్గా సూసుకోనేదు. పావుగంట ఇయ్యండి," అన్నాడు.

సాయిశంకర్ ఆయన్ని ఎగాదిగా చూసి, తెలియని పనులు పెట్టుకోవడం ఎందుకండీ పెద్దవారు అన్నాడు. మెల్లగానే అన్నాడు. కేథరిన్ తల దించుకుంది. మా ఆయన ఇంజను మీద గాలి తగిలేలా మిగిలిన మాల కూడా తీసేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని అనే హక్కు నాది, దారినపోయేవాళ్ళది కాదు.

"గొట్టం ఒంగనేదు బాబూ. దాని ముందర ఈ బోర్డు కట్టినది నాను. ఈయన పని సక్కగా ఉంది. ఇంతకన్నా సక్కగా ఎవలూ సెయ్యలేరు."

తాడు అవతల ఉన్న టీచర్లకి కూడా వినబడేటట్టే చెప్పాను. మా ఆయన చేతిలో మాల అలాగే ఉండిపోయింది. ఆయన గురించి ఇంతమందిలో మంచి మాట చెప్పడం నాకిదే మొదలని, చెప్పాక గానీ నాకే తెలియలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. బోర్డు గుండెకి ఆనించుకుని నిలబడ్డాను.

పావుగంట తరవాత బండి లేచింది. సముద్రం మీది గాలి తిన్నగా కూలరుకి తగులుతుంటే మీటరు సగం దగ్గరే ఉండిపోయింది. ఒంటిగంట కాకుండానే అరవయ్యో పిల్ల దిగింది. వచ్చే శనివారం నుంచి లోపలే పెట్టుకోమని సాయిశంకర్ చెప్పాడు, వెళ్ళేముందు మా ఆయనకి చెయ్యి కూడా కలిపాడు. కేథరిన్ బండి దిగి తండ్రి భుజం మీద తల పెట్టేసింది. రేపు ఇంకో బండి కొంటే దానికీ కూలర్ బిగిస్తారా డాడీ అని అడిగింది.

ఆయన నా వైపు చూసి, కూతురికి జవాబు చెప్పాడు.

"నాను బిగిత్తాను. ప్రార్థన మీ మమ్మీ సేత్తాది. తీగ మాత్రం నా దగ్గరే ఉంటాది."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఒక మాట అనడం అదే మొదటిసారి. ఎదురు చెప్పబోయి నవ్వేశాను.