నాలుగు టేకుల సాక్ష్యం

వడ్రంగి భార్యను చంపినవాడు ఇవాళ దర్జాగా తిరుగుతున్నాడంటే, దానికి కారణం టీవీలో వచ్చిన ఇరవై నిమిషాల కార్యక్రమం. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

హత్యకు ఇరవై నిమిషాలు పట్టలేదు. మేడమీద అద్దెకున్నవాడు కుళాయి దగ్గర ఆమెతో మాటామాటా పెంచుకుని, పక్కనున్న ఇనుప పైపు తీసి తలమీద ఒక్క దెబ్బ వేశాడు. ఆమె అరవలేదు. అరిచే వ్యవధి లేదు. మిట్టమధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండ. వడ్రంగి పనిమీద వెళ్ళాడు. చూసినవాడు ఒక్కడే, ఎదురుగా బట్టలు ఇస్త్రీ చేసే అతను. ఆమెకు వరసకు తమ్ముడు. చూసి కొయ్యబారిపోయాడు. పెట్టె కింద ఎవరిదో చొక్కా కాలి పొగ లేచేదాకా కదల్లేదు. పోలీసులకు అదే ఉన్నదున్నట్టు చెప్పి ఏడ్చాడు.

నెల తిరక్కుండా టీవీవాళ్ళు దిగారు. జరిగింది జరిగినట్టు మళ్ళీ తీసి చూపిస్తామన్నారు. వడ్రంగి వాళ్ళ మొహాన తలుపు వేశాడు. వీధికి తలుపు లేదు కాబట్టి వాళ్ళు వీధిలో తీసుకున్నారు.

పైపు తెరమీద ఆనదని కత్తి పెట్టారు. ఒక్క దెబ్బ చాలదని మూడు పోట్లు చేశారు. ఎండలో హత్యకు కళ రాదని ట్యాంకరు తెప్పించి వాన కురిపించారు. ఆమె వేషం కట్టిన అమ్మాయి గుక్కతిప్పుకోకుండా అరిచింది. ఇస్త్రీ అతని వేషం ఇస్త్రీ అతనికే ఇచ్చారు. వానలో పరుగెత్తి వచ్చి, "అక్కా!" అంటూ తల ఒళ్ళోకి తీసుకోవాలి. నాలుగు టేకులు పట్టింది. నాలుగోసారి కన్నీళ్ళు వాటంతటవే వచ్చాయని దర్శకుడు భుజం తట్టాడు.

ఛానెల్ దాన్ని ఆరుసార్లు వేసింది. ఇస్త్రీ అతని పిల్లలు ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఫోన్లో చూపించారు. వడ్రంగి మాత్రం ఒక్కసారీ చూడలేదు. అతను చేసిన తప్పు అదొక్కటే.

రెండేళ్ళకు కోర్టు పిలిచింది. కేసంతా ఆ ఒక్క సాక్షి మీదే నిలబడింది.

"చూసింది చూసినట్టు చెప్పు, చాలు" అన్నాడు వడ్రంగి దారిలో.

"అది నువ్వు చెప్పాలా బావా? కళ్ళు మూస్తే అంతా కనబడుతుంది."

కళ్ళు మూసే చెప్పాడు.

"దేంతో కొట్టాడు?" అని అడిగాడు ప్రభుత్వ వకీలు.

"కొట్టడమేంటండీ, పొడిచాడు. ఇంత కత్తి. మూడు పోట్లు."

వకీలు కాగితాలు తిరగేశాడు. "పోలీసులకు పైపు అని చెప్పావు కదయ్యా?"

"ఆ రోజు కంగారులో అనుంటానండీ. కుండపోత వాన కూడాను. అక్క ఒకటే అరుపులు. నేను పరుగెత్తానండీ. నా ఒళ్ళోనే పోయింది."

డాక్టరు కాగితంలో ఒంటిమీద కత్తిగాటు లేదు. ముద్దాయి వకీలు లేచి, తాను అడగవలసింది ఏమీ మిగల్లేదని చెప్పి కూర్చున్నాడు. అంత తేలిగ్గా ఫీజు సంపాదించినవాడు ఆ కోర్టులో లేడు.

బయటికి వచ్చాక ఇస్త్రీ అతను చెమట తుడుచుకున్నాడు.

"బాగానే చెప్పానా బావా?"

"నువ్వు పరుగెత్తావా?"

"పరుగెత్తకుండా ఎలా ఉంటాను? తోడబుట్టకపోయినా అక్కే కదా!"

వడ్రంగి అతని మొహంలోకి చూశాడు. అబద్ధం కనబడితే చెంప పగలగొట్టేవాడు. వెతికాడు కూడా. లేదు.

వారం తర్వాత సంశయలాభం కింద కేసు కొట్టేశారు. ఆ సాయంత్రమే టీవీవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఆ దర్శకుడే. న్యాయం ఎలా చచ్చిందో దేశమంతా చూడాలన్నాడు.

"ఈసారి మీ వేషం మీరే వేయండి సార్. మీ నోటితో మీరే చెప్పండి. సహజంగా ఉంటుంది."

ఇస్త్రీ అతను కూడా వెనకే నిలబడి ఉన్నాడు. "చెప్పు బావా, అక్క కోసమైనా."

వడ్రంగి చిత్రిక పడుతున్న చెక్క మీంచి తల ఎత్తలేదు.

"ఆవిడ సంగతి ఇక నా నోట రాదు. మీతో కాదు, వాడితో కాదు, ఎవరితోనూ కాదు."