నడి ఏటిలో తగ్గిన చేయి

ఆ పొద్దు కందసామి చేయి ఎందుకు తగ్గించినాడు? ఈ ఒక్క మాట జయరామ గుండెలో ఏండ్లుగా ముల్లులా ఉండిపోయింది. పెరుమాళ్లకు దీపం పెట్టేటప్పుడు కూడా అదే అడిగేవాడు. దేవుడు చెప్పలేదు. కందసామిని అడగడానికి నోరు రాలేదు.

భార్య కెంపమ్మకు గుండెనొప్పి వచ్చిన దినం అది. పెన్నాగరం దాకా బండిలో పోయేకంటే ఆనకట్ట వెనక నిలిచిన కావేరి నీళ్లు దాటితే అవతలి గట్టున ఆసుపత్రి దగ్గర. కందసామి మోటారు పడవలో ఎక్కించారు. నడి ఏటిలో వేగం తగ్గిపోయింది. మోటారు పిడి మీదున్న కందసామి చేయి మెల్లగా వెనక్కి తిరగడం జయరామ కళ్లారా చూశాడు. గట్టు చేరేలోపల కెంపమ్మ అతని ఒడిలోనే పోయింది.

తరువాత అతను ఆ పడవ ఎక్కలేదు. అవతలి గట్టున ఉన్న అక్క పెరుమాయి ఇంటికి పోవాలన్నా బస్సులు మారి, చుట్టు తిరిగి పోయేవాడు.

ఈ పొద్దు ఆ అక్కే పోయింది. పెళ్లయిన ఆడదాన్ని పుట్టింటి చీర కప్పకుండా పాడె ఎక్కించరు. తమ్ముడి కోసం కాచుకుంటారు గానీ, పొద్దు వాలేలోపల ఎత్తాలి. బస్సు దారిన పోతే అందదు. జయరామ కొత్త చీర చంకన పెట్టుకుని రేవుకు దిగాడు.

కందసామి అతన్ని చూసి చేతిలోని బీడీ పారేశాడు. "రండన్నా" అన్నాడు, అంతే.

పడవలో ఇంకెవరూ లేరు, ఖాళీ గంపతో ఇంటికి పోతున్న చేపల యోగలక్ష్మి తప్ప. రేవు దాటి, జనం కర్మాలు చేసే స్నానాల మెట్ల పక్కగా పోయి, పడవ నడి ఏటికి వచ్చింది. అక్కడ మోటారు గొంతు మారింది. మూలుగుతున్నట్టు ఒక శబ్దం, కాలిన రబ్బరు వాసన. కందసామి చేయి పిడి మీద మెల్లగా వెనక్కి తిరిగింది.

జయరామ లేచి నిలబడ్డాడు. పడవ ఊగింది. "మళ్లీ తగ్గిస్తావా! నా ఇంట్లో పీనుగుంటేనే నీ చేయి తగ్గుతుందా?"

"కూర్చోండన్నా, బోల్తా పడతాము."

"ఏమి కందసామన్నా," అంది యోగలక్ష్మి గంప పట్టుకుని, "నీ మోటారుకంటే నా మొగుడే నయం. తాగొచ్చినా గురక మాత్రం ఆపడు."

కందసామి నవ్వలేదు. మోటారు వెనక ఉన్న చిన్న రంధ్రం చూపించాడు. "ఇక్కడినించి సన్నగా నీళ్లు చిమ్ముతా ఉండాల. చూడండి, చుక్క లేదు. ఏటి నీళ్లు పీల్చుకుని ఒళ్లు చల్లబరచుకునే జాతి ఇది. నీళ్లందకుంటే కాగిపోతుంది, బలం పోతుంది. అప్పుడు తరిమితే లోపల పట్టేసుకుంటుంది. మళ్లీ తిరగదు. తెడ్డే గతి."

మోటారు ఆపాడు. జయరామ పడవలోని డబ్బాతో నీళ్లు ముంచి పోయబోతే చేయి అడ్డం పెట్టాడు. "వద్దు, కాగిన పెనం మీద పోస్తే ఏమవుతుంది? తనకుగా చల్లారనీ."

మోటారు కాలును నీళ్లలోనుంచి పైకెత్తాడు. నీళ్లు పీల్చే జల్లెడకు పసుపు గుడ్డ పేలిక ఒకటి చుట్టుకుని ఉంది, నానిపోయి, బురద పట్టి. చాకు మొనతో కొంచెం కొంచెంగా లాగాడు. చీర అంచు.

"మెట్ల దగ్గర వదులుతారు కదా, పోయినోళ్ల గుడ్డలు," అన్నాడు. "ఆ దినం కూడా ఇదే. ఇంటికి పోయినాక తీసినాను."

జయరామ ఆ పేలికను చేతిలోకి తీసుకున్నాడు. కెంపమ్మ మూడో దినం ఆమె చీరను తానే ఆ మెట్ల మీద నిలబడి కావేరమ్మకు ఇచ్చాడు. పెద్దలు చేసిందే చేశాడు. అమ్మ తీసుకుంటుందనుకున్నాడు. తీసుకుని ఎక్కడ పెడుతుందో ఎన్నడూ అడగలేదు.

"ఆ దినమే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు. నేనుగా చెప్తే తప్పించుకునేదానికి చెప్తున్నాడంటారు." కందసామి సన్న తీగతో రంధ్రం పొడుస్తున్నాడు. "ఆపి తీస్తానని అంటినన్నా. మీరు, ఆపినావంటే ఏట్లో తోసేస్తాననిరి. ఆ గోడులో మీకు జ్ఞాపకం ఉండదులే. ఆపి తీసుంటే తొందరగా చేరేవాళ్లమేమో. నేను మొండికేసి ఆపుండాల్సింది. రాత్రి పడుకుంటే నాకూ అదే."

జయరామకు ఆ మాట అన్నట్టు గుర్తు లేదు. అనలేదని కూడా చెప్పలేకపోయాడు. ఎవరిని నిలదీయాలి? ఏరు ఊరికే పారుతోంది. యోగలక్ష్మి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఆ దినం కెంపమ్మక్క మీద కప్పింది కందసామన్న పండక్కని దాచుకున్న కొత్త పంచె," అంది మెల్లగా. "మడత కూడా విప్పలేదంట. వాళ్లింటామె చెప్పింది."

అది జయరామకు తెలుసు. పరాయివాడి గుడ్డ పీనుగ మీద కప్పితే బదులు కొత్తది ఇచ్చి తీరాలి, లేకుంటే పోయినవాళ్లు ఆ రుణంతోనే పోతారు. తెలిసీ, గుండెలోని ముల్లుకు భయపడి, ఇన్నేండ్లు కెంపమ్మను రుణంలో ఉంచాడు.

మోటారు చల్లారింది. తాడు లాగితే మూడోసారికి అందుకుంది. రంధ్రంలోనుంచి మొదట బురద, తరువాత సన్నని నీటిధార. కందసామి వేలు పెట్టి వేడి చూసి, తల ఊపి, నిదానంగా పోనిచ్చాడు. ఈసారి జయరామ తొందర పెట్టలేదు.

పాడె కట్టి సిద్ధంగా ఉంది. అక్క ముఖం చిన్నబిడ్డ ముఖంలా అయిపోయింది. చీర కప్పి, పాదాల దగ్గర కూర్చుని అతను రెండు చావులకూ కలిపి ఏడ్చాడు.

కర్మాంతరం ముగిసిన మరునాడు పెన్నాగరం అంగడిలో పంచె కొని, నాలుగు మూలలా పసుపు తాకించి, జయరామ రేవుకు వచ్చాడు. కందసామి పడవలోని నీళ్లు తోడిపోస్తున్నాడు.

"కెంపమ్మది," అన్నాడు జయరామ. పంచె ముందుకు చాపాడు.

కందసామి చేతులు తుడుచుకుని, రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకున్నాడు. అక్కడే మడత విప్పి, తడి పంచె మీదనే చుట్టుకున్నాడు.